ఏసు సినిమాకి వేట మానిన ఊరు

ఆదివారం పొద్దున్న పొయ్యి వెలిగించే ముందు మా అమ్మకి ఫోన్లో సినిమా పెట్టి ఇవ్వాలి. ఆమదాలవలసలో మా ఇంటికి వచ్చి నాలుగేళ్లయినా ఆవిడకి టీవీ పడలేదు. ఫోనైతే కళ్లకి దగ్గరగా పట్టుకోవచ్చు, కావలసిన చోట ఆపించుకోవచ్చు. ఆవిడ చూసేది ఏసు సినిమా ఒక్కటే. అందులోనూ ఒక్క ముక్కే. ఏసు చనిపోయి లేచాక ఒక తెల్లవారుజామున నీళ్ల ఒడ్డున నిలబడి ఉంటాడు. ఆయన మనుషులు రాత్రంతా వల వేసి, ఏమీ పడక, ఉత్తి పడవతో తిరిగొస్తుంటారు. కుడి పక్కన వెయ్యండి అని ఒడ్డు మీంచి కేకేస్తాడు. వేస్తే వల చిరిగేంత చేప పడుతుంది. వాళ్లు ఒడ్డుకొచ్చేసరికి ఆయన నిప్పుల మీద చేపలు కాలుస్తుంటాడు. రండి, తినండి అంటాడు. వాళ్లు తింటారు. అక్కడికి అమ్మ ఫోను బోర్లించి మంచం మీద పెట్టేస్తుంది.

"సాల్లే, తీసుకో" అంటుంది.

ఏసు సినిమాలు ఫోన్లో బోలెడు. ఒకదాంట్లో ఆయన కళ్లు నీలం, మాట మాత్రం అచ్చం విజయవాడ తెలుగు. ఒకదాంట్లో బక్కగా ఉంటాడు, ఇంకోదాంట్లో రోజూ జిమ్ముకి వెళ్లొచ్చిన మనిషిలా ఉంటాడు. ఇంకోదాంట్లో గడ్డం అతికించిన చోట గమ్ము మెరుస్తుంటుంది. నాకు ఇవన్నీ పట్టింపే. అమ్మకి పట్టవు. "మొగం ఏదైతే ఏటే. సేప కాల్సడం వచ్చా, రాదా, అది సూడాల" అంటుంది. మంట మీద పెట్టి చేపని మసి చేసినాయన్ని ఒక్కసారి చూసి మళ్లీ పెట్టనివ్వలేదు. నిప్పులయ్యేదాకా ఆగలేనివాడు లోకాన్నేం కాస్తాడని ఆవిడ బాధ.

నాకు మాత్రం ఇలాంటి రక్షకులంటే మొదట్నించీ ఒళ్లు మంట. ఏసు సినిమా అనే ఏముంది, మామూలు మాస్ సినిమాలో కూడా ఒకడు తయారవుతాడు. తెల్లచొక్కా, మెడలో సిలువ, చుట్టూ అనాథ పిల్లలు. విలన్లు కొడుతుంటే తిరిగి కొట్టడు. వానలో రెండు చేతులూ చాపి వెనక్కి పడిపోతాడు, ఎక్కడో గంట మోగుతుంది, హాల్లో ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకుంటారు. నేను మటుకు పాప్‌కార్న్ నములుతూ "లేస్తాడు చూడండి, ఇంకో పాట బాకీ ఉంది" అంటాను. ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఇది పడలేక మా ఆయన నాతో సినిమాకి రావడం మానేశారు. తెర మీద చచ్చినవాడు లేవడం వల్ల ఒక ఇంట్లో ఏం జరుగుతుందో ఆయనకి చెప్పాను గానీ, చూసినదాన్ని నేను.

మాది శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక చేపల పల్లె. బస్సు దిగాక సరుగుడు తోటల్లోంచి ఇసకలో పడి నడవాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు, కార్తీకమాసంలో, మా అయ్య ఇంకో ఇద్దరితో కలిసి తెప్ప మీద వేటకి వెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి మారింది. మిగతా తెప్పలన్నీ వచ్చేశాయి. వాళ్లది రాలేదు. మూడు రోజులకి ఆ ఇద్దరూ ఉత్తరాన ఒక ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చారు. మా అయ్య రాలేదు. తెప్ప దుంగ ఒకటి వచ్చింది. దాన్ని తాత మోసుకొచ్చి మా గుమ్మం పక్కన పెట్టాడు.

తాతంటే మా అయ్య తండ్రి. ఊరికి పెద్ద కూడా ఆయనే. మా పల్లెలో శవం దొరకని చావుకి ఒక పద్ధతి ఉంది. కొన్ని నెలలు చూసి, పోయినవాడి చొక్కా గడ్డిబొమ్మకి తొడిగి ఒడ్డున కాలుస్తారు. కాల్చిన మూడో నాడు చిన్నదినం. ఆ రోజు ఆకులో అన్నం, ఆయన ఇష్టంగా తినే చేప పెట్టి కాకికి వదులుతారు. ఆ తర్వాత పెద్దదినానికి భార్య బొట్టూ గాజులూ తీసేస్తారు. ఇది చెయ్యకపోతే పోయినవాడు నీళ్లలో ఆకలితో తిరుగుతాడని మావాళ్ల నమ్మకం. కొడుకు ఆకలితో ఉన్నాడన్నదే తాతకి నిద్ర పట్టనివ్వని సంగతి. ఆయన మా గుమ్మంలోకి వచ్చి మూడుసార్లు అడిగాడు.

"సొక్కా ఒకటి ఇచ్చీ అమ్మా. ఆడికి కూడు పెడదాం."

మూడుసార్లూ అమ్మ ఒకటే అంది. "పోనాడని సూసినోళ్లెవరు మావా? సూసినోళ్లని తీసుకురా, ఇస్తాను."

చొక్కా ఇస్తే తన చేత్తో తను చంపుకున్నట్టేనని అమ్మ లెక్క. అప్పటికి ఆవిడకి ముప్పై కూడా నిండలేదు. పొద్దున్నే గంప నెత్తినెట్టుకుని అరసవల్లి దాకా వెళ్లి చేపలమ్మేది. అక్కడ వీధుల్లో కొందరు ఆవిడ నుదుటి బొట్టు చూసి ఒకమాట, చూడనట్టు ఒకమాట అనేవారని తర్వాత చెప్పింది. శివరాత్రి వెళ్లాక తాత ఇంక ఊరుకోలేదు. వచ్చే అమావాస్యకి చేసెయ్యాలన్నాడు. చొక్కా ట్రంకుపెట్టెలోనే ఉంది.

ఆ వారంలోనే ఏసు సినిమా వ్యాను వచ్చింది.

వ్యానుతో ఒక ప్రార్థనాయన, ఒక డ్రైవరు వచ్చారు. డ్రైవరుది సాలూరు. ఆ ఊళ్లో పుట్టినవాడు లారీ ఎక్కకుండా ఉండడు కదా, ఈయనా పదేళ్లు లారీ తోలి, నడుం పట్టేసి ఈ పనికి వచ్చాడట. జనరేటరు తిప్పడం, రీళ్లు ఎక్కించడం, తెర కట్టడం అన్నీ ఆయనే. వలలు ఆరేసే గుంజల మధ్య తెల్లగుడ్డ కట్టాడు. ప్రార్థనాయన మైకులో మంచి మాటలు చెప్పి, పక్క ఊళ్లో జ్వరంగా ఉన్నవాళ్లెవరినో చూడాలని సైకిలు మీద వెళ్లిపోయాడు. దీపాల వేళకి ఊరంతా ఇసకలో కూర్చుంది. సముద్రం గాలికి గుడ్డ పొంగినప్పుడు ఏసు లావయ్యేవాడు, గాలి తగ్గితే చిక్కిపోయేవాడు. పిల్లలం కొందరం గుడ్డకి వెనక కూర్చున్నాం. అక్కడ మనుషులెవరూ అడ్డు ఉండరు.

మావాళ్లు సినిమా చూడడం అంటే పని చూడడమే. ఏసు మనుషులు చేపలవాళ్లని తెలియగానే అందరూ ముందుకి జరిగారు. మొదటిసారి వల విసరగానే తాత పెదవి విరిచాడు.

"ఒరే, ఆడి సెయ్యి సూడండి. ఆడు పుట్టినకాడ్నించీ వల ముట్టనేదు."

"యాక్టరు కదా తాతా" అన్నాడు డ్రైవరు.

"అయితే నేర్సుకోవాల."

తర్వాత తుపాను వచ్చింది. పడవ ఊగుతుంటే అందరూ ఏడుస్తున్నారు, ఏసు ఒక మూల పడుకుని నిద్రపోతున్నాడు. అది మావాళ్లకి నచ్చింది. ఈయనకి సముద్రం తెలుసు అన్నారు. లేపగానే లేచి, చెయ్యెత్తి గాలిని ఆగమన్నాడు. ఆగింది. ఊరంతా హమ్మయ్య అనుకున్నట్టు కదిలింది. అమ్మ మాత్రం కదల్లేదు. "కార్తీకంలో ఏడికెళ్లేడో ఈయన" అంది. గట్టిగా అనలేదు. పక్కనే ఉన్న తాతకి వినబడింది, వెనకనుంచి వచ్చి ఆవిడ ఒళ్లో కూర్చున్న నాకూ వినబడింది. తాత ముక్కు చీదుకున్నాడు.

సిలువ వేస్తుంటే ఆడవాళ్లు మామూలు ఏడుపు ఏడవలేదు. మా పల్లెలో చావింట్లో రాగం తీసి, పోయినవాడి గుణాలు చెప్పి ఏడుస్తారు. అలా ఏడ్చారు. గుడ్డివాడికి కళ్లిచ్చినోడివి, ఆకలన్నోడికి రొట్టిచ్చినోడివి, నీ తల్లి ఎదర నీకిదేటి నాయనా అని. ఆయన తల వాల్చాడు. గుడ్డ మీద చీకటి పడింది, తర్వాత ఉత్తి తెలుపొచ్చింది, రీలు టపటపా కొట్టుకుంది.

డ్రైవరు మైకు తీసుకున్నాడు. ఆఖరి రీలు ఈ వ్యానులో లేదు, టెక్కలి వైపు వెళ్లిన ఇంకో వ్యానులో ఉండిపోయింది, ఎల్లుండి సాయంత్రానికి తెప్పించి వేస్తాను, సినిమా ఇంకా ఉంది అన్నాడు. ఆ మాట అందరికీ శుభ్రంగా వినబడింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"మనిషే పోనాక ఇంకేటుంటాది" అన్నాడు తాత. లేచి తుండు దులుపుకుని ఊరితో చెప్పాడు. "సావు సూసేం. నీళ్లు పోసుకుని ఇళ్లలోకి ఎల్లండి. రేపు ఏట నేదు."

కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు నవ్వారు. తాత వాళ్లకేసి చూశాడు. "ఊరంతా కూకుని సూసిన సావు. మన పని సేసుకునేవోళ్ల పెద్ద. మీ ఇంట్లో సావైతే గంగలోకి ఎల్తారేటి?" అన్నాడు. కుర్రాళ్లు కూడా గుమ్మాల్లో నీళ్లు పోసుకునే లోపలికి వెళ్లారు.

తెల్లారి డ్రైవరు లేచేసరికి తెప్పలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఇసకలో మగాళ్లు గుంపుగా, పని లేకుండా కూర్చున్నారు. అప్పుడు జరిగిన మాటలు మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఏటి తాతా, ఏటకెల్లనేదు?"

"సావు కదా."

"అయ్యో. ఎవరూ?"

"నువ్వు తెచ్చినోడే."

డ్రైవరు, ఆయన లేస్తాడని చెబుదామనుకున్నాడట. చెప్పేస్తే రేపు తెర ముందుకి ఎవరొస్తారని ఊరుకున్నాడు. లారీ తోలిన మనిషే అయినా సినిమా తెలివి వచ్చేసింది.

మూడో నాడు చిన్నదినం చెయ్యాలి కదా. పోయినాయనకి ఏ కూర ఇష్టమో ఎవరికీ తెలియదు. డ్రైవరునే అడిగారు. "సినిమాలో రొట్టీ, సేపా పంచిపెట్టేడు. మరి ఆయనకీ అవే ఇష్టమేమో" అన్నాడు. రొట్టెలు మా ఇళ్లలో ఎవరికీ రావు. అన్నం వండారు. వేట లేక పచ్చిచేప లేదు, దాచుకున్న ఎండు నెత్తళ్లు వేయించారు. ఒకావిడ ఆయనకి కారం అలవాటుందో లేదో అని మిరపకాయలు తగ్గించింది. అరిటాకులో పెట్టి, తెర కట్టిన గుంజ మొదట్లో ఉంచి, అందరూ దూరంగా నిలబడ్డారు. కాకి మాత్రం ఎంతసేపటికీ రాలేదు.

అమ్మ అక్కడికి రాలేదు. గుమ్మంలో కూర్చుని గంప అల్లిక బిగిస్తోంది. తాత అటునుంచి అటే మా ఇంటికొచ్చాడు. ఈసారి పెద్దరికం లేదు ఆయన గొంతులో.

"ఊరూ పేరూ తెలీనోడికి ముద్ద పెట్టేనమ్మా. నా కొడుక్కి పెట్టుకోనేకపోతన్నాను" అన్నాడు.

తాత ఏడవడం నేను చూడ్డం అదే మొదలు, అదే ఆఖరు. అమ్మ అల్లిక ఆపేసింది. లేచి లోపలికెళ్లి ట్రంకుపెట్టె తెరిచి చొక్కా తెచ్చింది. నీలం గళ్ల చొక్కా, కాలరు దగ్గర తనే కుట్టిన అతుకు. దాన్ని తాత చేతుల్లో పెట్టింది.

"అమాసకి సేసియ్యి మావా" అంది.

నాకు ఆ మధ్యాహ్నం బాగా గుర్తు. చొక్కా వెళ్లిపోయాక అమ్మ నా తల దువ్వింది. ఎప్పుడూ లేనిది రిబ్బను కూడా కట్టింది. తర్వాత అద్దంలో తన మొహం చూసుకుంది. అంతకంటే ఏమీ చెయ్యలేదు. చిన్నదాన్నే అయినా, అయ్య ఇప్పుడు పోయాడని నాకు తెలిసింది. కార్తీకంలో పోలేదు, ఇవాళ పోయాడు.

సాయంత్రం బస్సు మీద రీలొచ్చింది. గుండ్రటి రేకు డబ్బా. డ్రైవరు దాన్ని నెత్తి మీద పెట్టుకుని ఇసకలో వస్తుంటే పిల్లలం ఎదురెళ్లాం. కాకి ముట్టని ఆకు ఇంకా గుంజ మొదట్లోనే ఉంది. ఊరు మళ్లీ కూర్చుంది, ఈసారి కబుర్లు లేకుండా. సమాధి చూపించారు. రాయి పక్కకి జరిగి ఉంది. లోపల గుడ్డలున్నాయి, మనిషి లేడు.

ఎవరో ఎత్తుకుపోయారని మావాళ్లు అనుకున్నారు. అప్పుడు ఆయన తోటలో నడుస్తూ కనిపించాడు. ఆడవాళ్లలోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపూ కాదు, నవ్వూ కాదు. తర్వాత సముద్రం ఒడ్డు వచ్చింది, కుడి పక్కన వెయ్యమన్న కేక వచ్చింది. తాత నిటారుగా కూర్చున్నాడు. మా ఊళ్లో పెద్దవల వేసేటప్పుడు దిబ్బ మీద నిలబడి, చేపల గుంపు రంగు నీళ్లలో ఎటు కదులుతోందో చూసి, తుండు ఊపి పడవకి చెప్పే మనిషి ఉంటాడు. ఆ పని మా తాతది. కొడుకు పోయాక దిబ్బ ఎక్కలేదు.

"అదీ. ఒడ్డునున్నోడికే అవుపిస్తాది" అన్నాడు. "పడవలో ఉన్నోడికి తెలీదు."

తెర మీద నిప్పుల్లో చేప కాలుతోంది. ఆయన దాన్ని విరిచి తన మనుషులకి పెట్టి, తనూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పెట్టిన కూడు ముట్టేడు అని ఎవరో అన్నారు. ఆ మాట వరసల్లో వెనక్కి పాకింది. తాత చేతులు జోడించాడు.

అప్పుడు అమ్మ లేచింది. తెర మీద ఇంకా సినిమా ఆడుతుండగానే జనం మధ్యలోంచి తాత దగ్గరికి నడిచి వచ్చింది. తెర వెలుగు ఆవిడ మొహం మీద పడుతోంది, వెనకవాళ్లు కూర్చోమంటున్నారు.

"ఊరంతా సావు సూసినోడే లెగిసొచ్చేడు మావా. సూడనోడికి దినం ఎలా సేస్తావు? సొక్కా ఇచ్చీ" అంది.

తాత ఆవిడకేసి చూశాడు. చొక్కా ఆయన భుజం మీదే ఉంది, ఇచ్చినప్పటినుంచీ అలాగే తిరుగుతున్నాడు. తీసి ఇచ్చాడు. అమ్మ చొక్కా చంకలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. ఆఖరు ఏమవుతుందో మేమిద్దరం చూడలేదు.

మర్నాడు తెప్పలు వెళ్లాయి. చేప బాగా పడిందనే మావాళ్లు చెబుతారు, నిజమో కాదో నాకు తెలియదు. ఊళ్లో కొన్ని ఇళ్లలో గంగమ్మ పక్కన ఏసు పటం కూడా చేరింది. ఎవరూ దాన్ని పెద్ద విషయం అనుకోలేదు. వ్యాను తర్వాత ఒకటి రెండేళ్లు వచ్చి, తర్వాత రాలేదు.

చొక్కా మళ్లీ ట్రంకుపెట్టెలోకి వెళ్లింది. అమావాస్యలు వచ్చాయి, పోయాయి. తాత పోయే ముందు మంచంలో ఉండి ఒకసారి అడిగాడు, "సొక్కా" అని. అమ్మ ఆయన కాళ్లు పడుతూ కూర్చుంది గాని లేవలేదు. నాకు ఆ రోజు అమ్మ మీద కోపం వచ్చింది. ఆ కోపం పెద్దయ్యాక సినిమా మీదికి తిరిగింది. బడిలో తండ్రి వివరాలు రాసేటప్పుడు మాస్టారు "ఉన్నారా, లేరా" అని అడిగితే నేను గోడకేసి చూసేదాన్ని. నా పెళ్లిలో పీటల మీద కూర్చునే విషయంలో పెద్దవాళ్లు అరగంట గొడవపడి, చివరికి మా మేనమామని కూర్చోబెట్టారు. అమ్మ బొట్టుతోనే, ఎర్రచీరలో, ఒక పక్కగా నిలబడింది. ఆ ఆఖరి రీలు టెక్కలిలోనే ఉండిపోయి ఉంటే మా బతుకు తేలికగా ఉండేది కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డ రోజులూ ఉన్నాయి.

మోకాళ్లు అరిగిపోయి, గంప ఎత్తలేక, అమ్మ నా దగ్గరికి రావడానికి ఒప్పుకున్నప్పుడు ఒకే షరతు పెట్టింది. పల్లెలో మా ఇంటి తలుపు మీద నా ఫోన్ నంబరు పెయింటుతో రాయించాలి. పెద్దక్షరాలతో రాయించాను. "మీ అయ్యకి సదువు రాదు గాని, ఎవరిసేతైనా సదివించుకుంటాడు" అంది. పెయింటు వెలిస్తే మళ్లీ రాయించాను. ఆ నంబరుకి గ్యాసు వాళ్లూ, బ్యాంకు వాళ్లూ చేస్తారు.

మొన్న వానాకాలం వెళ్తుండగా ఒక ఆదివారం, ఎప్పటిలాగే ఫోను ఆవిడ చేతికిచ్చి నేను చేపలు కడుగుతున్నాను. మామూలుగా ఐదు నిమిషాల్లో "సాల్లే" అని వినిపించాలి. వినిపించలేదు. చేతులు కడుక్కుని వచ్చి చూస్తే అమ్మ ఫోను కళ్లకి ఆనించుకుని ఉంది. చేపల ముక్క దాటిపోయింది. కళ్లజోడు వెతుక్కునేలోపు సినిమా ముందుకెళ్లిపోయిందట. తెర మీద ఏసు కొండ మీంచి మబ్బుల్లోకి లేచిపోతున్నాడు, కింద ఆయన మనుషులు తలలెత్తి చూస్తున్నారు.

"ఎల్లిపోతన్నాడేటే?" అంది.

"వెళ్లిపోతాడమ్మా. నలభై రోజులుండి వెళ్లిపోయాడు."

"నాకెవరూ సెప్పనేదు."

ముప్పై ఏళ్లు పైబడి నేను ఎదురుచూసిన చోటు ఇదే. ఇంకేముంది, ఇప్పుడు వదిలేస్తుంది అనుకున్నాను. తీరా అక్కడికి వచ్చాక నాకు భయం వేసింది. ఫోను తీసుకోబోతే ఇవ్వలేదు.

"మళ్లీ రాడా?"

"వస్తానని చెప్పాడట. చర్చిల్లో అందరూ అందుకే చూస్తుంటారు."

"ఎన్నాళ్ల బట్టీ?"

"రెండువేలేళ్లు."

"మరి ఆయన పేరు మీద కూడు పెడతారా?" అని అడిగింది. నాకు సరిగ్గా తెలియదన్నాను. మా పక్కింటావిడ చర్చికి వెళ్తుంది, ఆవిడ చెప్పింది చెప్పాను. ఆయన్ని తలుచుకుని రొట్టె ముక్క తింటారు, ఆయన వచ్చేదాకా అలాగే చెయ్యాలట అని.

"వచ్చీదాకానా?"

"అవును. అలాగే అంది."

అమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుంది. "అయితే ఎదురుసూస్తా కూడా కూడు పెట్టొచ్చన్నమాట" అంది. తర్వాత "మీ తాతకి ఆ మాట తెలిస్తే బాగుండును. నాకూ తెలిస్తే బాగుండును" అంది.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడని పల్లెకి తీసుకెళ్లాను. ఆటో సరుగుడు తోట దాకా వచ్చింది. అక్కడినుంచి నా భుజం పట్టుకుని నడిచింది. పొద్దున ఎనిమిదవుతోంది, పెద్దవల అప్పుడే ఒడ్డుకి లాగుతున్నారు. మా మేనమామ కొడుకు అమ్మని చూసి పరిగెత్తుకొచ్చి కవళ్ల చేపలు నాలుగు దోసిట్లో పోశాడు. అమ్మ ఎండు సరుగుడు పుల్లలు నాచేత ఏరించింది. మంట తగ్గి నిప్పులయ్యేదాకా కూర్చుంది. ఉప్పూ కారం పట్టించి నాలుగూ తనే కాల్చింది. ఇంటినుంచి తెచ్చిన అరిటాకు పరిచి, అన్నం పెట్టి, రెండు చేపలు వేసింది. మిరపకాయ తగ్గించలేదు. మా అయ్యకి కారం ఉండాలి.

తర్వాత సంచిలోంచి నీలం గళ్ల చొక్కా తీసింది. మడతల దగ్గర చిరుగులు పడి ఉంది. కాలుస్తుందేమో అనుకున్నాను. అడగలేక అడిగాను.

"కాల్చెయ్యడానికి తెచ్చావా అమ్మా?"

"ఎందుకు కాల్సడం? తడిసొస్తాడు కదే" అంది. ఆకు పక్కన పెట్టి, గాలికి ఎగరకుండా రాయి పెట్టింది.

మేం కాస్త దూరం జరిగి కూర్చున్నాం. కాకి వచ్చింది. అటూ ఇటూ చూసి, చేప తోక పట్టుకుని లాగింది. నేను అమ్మ మొహం చూశాను. నుదుట బొట్టు అలాగే ఉంది, కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం కుదుటపడింది. మిగిలిన రెండు చేపలూ కాగితంలో తీసి ఒకటి నాకిచ్చింది. ముల్లు చూసుకో అంది, తొమ్మిదేళ్లదానికి చెప్పినట్టే.

"ఇంకా ఎదురుచూస్తావా అమ్మా?" అన్నాను.

"సూడక? ఇన్నేళ్లూ ఆకలితో ఉన్నాడనే నాకు తొందర" అంది. "ఇప్పుడు తిన్నాడు కదా. నెమ్మదిగా రానీ."